షాంఘై నది కట్ట చూడటానికి ఒకే ఒక్క బుధవారం ఉంది, వెళ్లివచ్చినవాళ్లు చెప్పండి

స్వర్ణముఖి · అక్టోబరు 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది తిరుపతి దగ్గర రాయలచెరువు ఆయకట్టు కింద ఒక పల్లె. శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేస్తున్నాను. నవంబరులో ఐదు వారాల శిక్షణకు చైనాలోని సుజౌ నగరానికి పంపుతున్నారు. ఆదివారాలు కూడా సగం పూట తరగతులే. మధ్యలో ఒక్క బుధవారం మాత్రం యంత్రాల మరమ్మతు కోసం కర్మాగారం మూస్తారట. నా చేతిలో ఉన్నది ఆ ఒక్క రోజే.

షాంఘైలో నది ఒడ్డున వరుసగా పాత రాతి భవనాలు, వాటి మధ్య గడియారపు గోపురం ఉండే ఫొటో మీరూ చూసే ఉంటారు. నేను చూడాలనుకుంటున్నది అదే. ఇంతకుముందు వెళ్లివచ్చిన సహోద్యోగులు మాత్రం రాత్రి వెళ్లి, అవతలి ఒడ్డున మెరిసే టవర్లను ఫొటో తీసుకుని వచ్చేయమంటున్నారు. నాకు ఇవతలి ఒడ్డు మీదే మనసు. చిన్నప్పుడు నాన్న మద్రాసు తీసుకెళ్లినప్పుడు నేను సముద్రం వైపు పరుగెత్తబోతే చెయ్యి పట్టి ఆపి, వెనక ఉన్న సెనేట్ హౌస్ చూపించారు. "సముద్రం ఎక్కడికీ పోదు, ముందు ఇటు చూడు" అన్నారు. ఆ మాట నాతోనే ఉండిపోయింది.

ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, ఆ భవనాల లోపలికి రానిస్తారా, శాకాహారం దొరుకుతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాకాల జంక్షన్ · అక్టోబరు 14, రాత్రి 10:05

నేను షాంఘైలో ఆరేళ్లు ఉండి ఇప్పుడు తిరుపతికి వచ్చేశాను. బుధవారం దొరకడం నీ అదృష్టం చెల్లీ. సెలవు రోజుల్లో ఆ కట్ట మీద కాలు పెట్టే చోటు ఉండదు.

సుజౌ నుంచి షాంఘైకి వేగపు రైలు అరగంటే. రెండో తరగతి టికెట్టు సుమారు 40 యువాన్లు. టికెట్టు పాస్‌పోర్టు నంబరు మీద ఇస్తారు కాబట్టి పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. షాంఘై స్టేషన్లో దిగి మెట్రో 1వ లైన్లో పీపుల్స్ స్క్వేర్ వరకు వెళ్లు. అక్కడ 2వ లైనుకు మారితే వచ్చే మొదటి స్టేషనే తూర్పు నాన్‌జింగ్ రోడ్డు. పైకి వచ్చి తూర్పు దిక్కుగా పది నిమిషాలు నడిస్తే నది వస్తుంది.

డబ్బు సంగతి ఇక్కడ ఉండగానే చూసుకో. ఫోనులో అలీపే అనే చెల్లింపుల యాప్ వేసుకుని, పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి, నీ వీసా లేదా మాస్టర్ కార్డును దానికి కలుపు. చిన్న కొట్టులో కూడా ఫోనుతోనే చెల్లిస్తారు. హోటలు వైఫైలో గూగుల్, వాట్సాప్ రావు. మన సిమ్ రోమింగులో ఉంటే వస్తాయి.

పగలా రాత్రా అంటే నా సమాధానం రెండూ. ఉదయం భవనాలు చూడు, మధ్యాహ్నం లోపలి వీధులు తిరుగు, చీకటి పడేసరికి మళ్లీ కట్ట మీదికి రా. నవంబరులో ఐదింటికల్లా పొద్దు వాలిపోతుంది. రాత్రి పది దాటితే దీపాలు ఆర్పేస్తారు.

తిండికి నాన్‌జింగ్ పడమర రోడ్డులో గాంగ్‌దెలిన్ అనే బౌద్ధ శాకాహార భోజనశాల ఉంది. 1922 నుంచి నడుస్తోంది. కూరగాయల వంటకం అని ఉన్నంత మాత్రాన వేరేచోట నమ్మవద్దు, పంది కొవ్వుతో తాలింపు పెట్టే అలవాటు అక్కడ ఉంది. "వో చి సు" అని చెప్పు. నేను శాకాహారిని అని అర్థం.

కుప్పం రాయి · అక్టోబరు 15, ఉదయం 6:30

నేను ముప్పై ఏళ్లుగా గ్రానైటు వ్యాపారంలో ఉన్నాను. షియామెన్‌లో ఏటా జరిగే రాతి ప్రదర్శనకు రెండుసార్లు వెళ్లాను. ఒకసారి తిరుగు ప్రయాణంలో షాంఘైలో దిగి రెండు రోజులూ ఈ కట్ట మీదే గడిపాను. తోటి వ్యాపారులు బజారుకు వెళ్తే నేను గోడలు తడుముతూ తిరిగాను.

అమ్మా, ఒక సలహా. దూరం నుంచి చూసి తృప్తిపడవద్దు. దగ్గరికి వెళ్లి రాతి మీద అరచెయ్యి పెట్టు. నువ్వు చెప్పిన గడియారపు గోపురం 1927లో కట్టిన సుంకాల భవనానిది (కస్టమ్స్ హౌస్). దాని ముందు నాలుగు లావాటి గ్రీకు తరహా స్తంభాలు ఉంటాయి. రాయి కోసేవాడి కంటికి ఆ పని విలువ వెంటనే తెలుస్తుంది. నదివైపు ముఖమంతా గ్రానైటే. అలా అని మన గుడుల లాగా రాయి మీద రాయి పేర్చి బరువంతా రాతి మీదే నిలిపారని అనుకోవద్దు. లోపల ఉన్నది ఉక్కు చట్రం. రాయి దానికి తొడుగు. ఆ ఊళ్లో మొదటి ఉక్కు చట్రం భవనం ఈ కట్ట మీదే 3వ నంబరులో ఉంది, 1916 నాటిది.

నది వైపు నుంచి చూశాక సుంకాల భవనం వెనక సందులోకి కూడా తప్పకుండా వెళ్లు. అటువైపు రాయి బదులు ఇటుక కనిపిస్తుంది. ఓడలో వచ్చేవాడికి కనిపించే ముఖానికే రాయి ఖర్చు పెట్టారు. నాకు ఆ ఊరి సంగతి ముందు వైపు కన్నా వెనక వైపే ఎక్కువ అర్థమైంది.

దాని పక్కనే 12వ నంబరు, 1923 నాటి హాంకాంగ్ బ్యాంకు భవనం. ఇప్పుడు వేరే బ్యాంకు ఉంది. సూయజ్ కాలువ నుంచి బేరింగ్ జలసంధి దాకా దీన్ని మించిన కట్టడం లేదని అప్పట్లో చెప్పుకొన్నారట. బ్యాంకు పనివేళల్లో మొదటి హాలు వరకు రానిస్తారు. లోపల ఒకే రాతిలో మలిచిన ఇటలీ పాలరాతి స్తంభాలు ఉన్నాయి. అతుకు కోసం వెతికాను, కనిపించలేదు. అంత దిమ్మెను గని నుంచి పగలకుండా తీయడం ఎంత కష్టమో మా పనివాళ్లను అడిగితే చెబుతారు.

చంద్రగిరి కోట · అక్టోబరు 15, ఉదయం 11:15

చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకే పేరు దగ్గర మొదలుపెడతాను. ఇంగ్లీషువాళ్లు ఆ ఒడ్డును "బండ్" అన్నారు. అది చైనా మాట కాదు, ఇంగ్లీషు మాటా కాదు. పర్షియన్ నుంచి హిందుస్తానీలోకి వచ్చిన మాట, కట్ట అని అర్థం. హైదరాబాదు ట్యాంక్ బండ్‌లో ఉన్నది అదే. మన దేశంలో నేర్చుకున్న మాటను ఇంగ్లీషు వర్తకులు ఓడలో తీసుకెళ్లి చైనా నది ఒడ్డుకు పెట్టారు. చైనావాళ్లు దాన్ని వైతాన్ అంటారు, బయటి ఒడ్డు అని. అమ్మాయి శీర్షికలో "నది కట్ట" అని రాసింది చూడండి, పేరుకు అంతకన్నా మంచి తెలుగు లేదు.

ఓడలో వెళ్లింది మాట ఒక్కటే కాదు. ఆ ఒడ్డు విదేశీయుల చేతికి ఎలా వచ్చిందో తెలుసుకుని వెళ్తే అక్కడి రాళ్లు వేరుగా కనిపిస్తాయి. ఈస్టిండియా కంపెనీ బీహారు, కాశీ ప్రాంతాల్లో రైతుల చేత గసగసాల పంట వేయించి, నల్లమందు తీయించి, కలకత్తాలో వేలం వేసేది. మాళవ నల్లమందు బొంబాయి నుంచి వెళ్లేది. చైనా ప్రభుత్వం దాన్ని అడ్డుకుంటే 1839లో యుద్ధం వచ్చింది. 1842లో నాన్‌జింగ్ సంధి జరిగింది. ఆ సంధి ప్రకారం తెరిచిన ఐదు రేవుల్లో షాంఘై ఒకటి. ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల తరఫున పోరాడినవాళ్లలో మద్రాసు సైన్యపు పటాలాలు ఉన్నాయి. ఆ సైన్యంలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. మనవాళ్లు ఆ నదిని మనకన్నా ముందే చూశారు, కానీ తుపాకులతో చూశారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే దారి మా ఊరికే వస్తుంది. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు చెన్నపట్నం ఇసుక నేలను కంపెనీకి ఇచ్చినప్పుడు, ఆయన పైన ఏలినవారు చంద్రగిరి రాయలు. ఆ ఇసుక నేల మీద కోట లేస్తే, ఆ కోట నుంచి సైన్యం లేచింది. మా చంద్రగిరి కోటలోని రాజమహల్ ముందు నిలబడి ప్రతి ఏడూ పిల్లలకు ఈ సంగతి చెప్పేవాణ్ణి.

తోతాపురి · అక్టోబరు 15, మధ్యాహ్నం 3:40

చిత్తూరు నుంచి రాస్తున్నాను. మాస్టారు చెప్పింది చదివాక నాకు ఒక సందేహం వస్తోంది. నల్లమందు డబ్బుతో లేచిన భవనాలను చూసి మనం అబ్బురపడటం ఎందుకు? ఆ వరుసలో ఉన్న నాన్‌జింగ్ రోడ్డు మూల హోటలు, ఆకుపచ్చ రాగి కప్పు ఉన్నది, ససూన్ల సొత్తు. బొంబాయిలో ససూన్ రేవు కట్టిన కుటుంబమే. బాగ్దాదు నుంచి బొంబాయి వచ్చి, పత్తి, నల్లమందు అమ్మి వాళ్లు గడించారు. కొంచెం అటు 27వ నంబరులో నల్లమందు వర్తకంలో పేరుమోసిన మరో సంస్థ భవనం. ఉత్తరపు చివర ఉన్న తోట 1868లో తెరిచారు. ఆ తోటలోకి చైనావాళ్లను 1928 దాకా రానివ్వలేదు. సొంత ఊళ్లో, సొంత నది ఒడ్డున, అరవై ఏళ్లు!

ఒక్క రోజే ఉన్నప్పుడు ఆ అమ్మాయి చైనావాళ్లు చైనావాళ్ల కోసం కట్టుకున్నది చూడాలి. సుజౌలో తోటలు ఉన్నాయి, ప్రపంచమంతా మెచ్చినవి. నాకైతే వాటి తరవాతే ఏదైనా.

చంద్రగిరి కోట · అక్టోబరు 15, సాయంత్రం 6:10

తోతాపురి గారూ, మీ కోపం నాకూ ఉంది. సుజౌ తోటలు చూడాలన్న మాట కూడా నిజం. ఎలాగూ ఐదు వారాలు అక్కడే ఉంటుంది కాబట్టి సగం పూట సెలవుల్లో చూడవచ్చు.

కానీ ఆ కట్టను చూడవద్దనడం నాకు సమ్మతం కాదు. 1949 తరవాత చైనావాళ్లు ఆ భవనాలను కూల్చలేదు. హాంకాంగ్ బ్యాంకు భవనంలో నగర ప్రభుత్వాన్ని కూర్చోబెట్టారు. ఆ భవనం ముఖద్వారపు మండపం పైకప్పున రంగురాళ్ల చిత్రాలు ఉన్నాయి. ఆ బ్యాంకుకు శాఖలున్న ఎనిమిది నగరాలవి. లండన్, పారిస్, న్యూయార్క్, టోక్యో, బ్యాంకాక్, హాంకాంగ్, షాంఘై, ఎనిమిదోది కలకత్తా. 1950ల్లో వాటిని పగలగొట్టకుండా పూత వేసి కప్పారు. 1997లో మరమ్మతు చేస్తుంటే మళ్లీ బయటపడ్డాయి. కప్పినవాళ్ల మనసులో ఏముందో గానీ, మిగిల్చారు. అందువల్లనే ఈ రోజు మనవాళ్లు అక్కడ తలెత్తి కలకత్తా చిత్రం చూడగలుగుతున్నారు. ఆ నల్లమందు పెట్టెలు బయలుదేరిన ఊరు, అవి తెచ్చిన డబ్బు చేరిన ఊరు ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇంతకన్నా సూటిగా చరిత్ర చెప్పే పైకప్పు నేను వినలేదు.

ఇంకొక్కటి. ససూన్ హోటలు 1929లో తెరిచారు. దాని పక్కనే బ్యాంక్ ఆఫ్ చైనా భవనం 1937 నాటిది. విదేశీ సంస్థతో కలిసి దాన్ని రూపొందించిన లూ చియెన్‌షౌ చైనా వాస్తుశిల్పి. చూరులోనూ కిటికీల్లోనూ చైనా అలంకారాలు కనిపిస్తాయి. ఆ వరుసలో ఆ దేశపు చెయ్యి పడిన భవనం అది. మీరు అడిగినది కూడా ఆ కట్ట మీదే ఉంది.

తోతాపురి · అక్టోబరు 15, రాత్రి 8:25

కలకత్తా సంగతి నాకు తెలియదు మాస్టారూ. అమ్మా స్వర్ణముఖీ, ఆ హాలులోకి వెళ్తే కలకత్తా కింద ఒక నిమిషం నిలబడు, నా తరఫున కూడా. తోట విషయంలో నా మాట మాత్రం మారదు.

కపిలతీర్థం · అక్టోబరు 16, ఉదయం 7:00

భూగర్భ జలాల మీద నలభై ఏళ్లు పనిచేసినవాణ్ణి. భవనాల గురించి అందరూ చెప్పారు గానీ వాటి కింద నేల గురించి ఎవరూ చెప్పలేదు.

షాంఘై నిలిచింది ఒండ్రు మట్టి మీద. మనకున్నట్టు పది అడుగులు తవ్వితే రాయి తగలదు. అందుకే కలప దుంగలు వందలకొద్దీ నేలలోకి దించి, వాటి మీద కాంక్రీటు పలక పరిచి, దాని మీద ఈ బరువైన భవనాలను లేపారు. పడవ మీద ఇల్లు కట్టినట్టే. అది చాలదన్నట్టు కర్మాగారాల కోసం, నూలు మిల్లుల కోసం గొట్టపు బావులు వేసి నీళ్లు తోడారు. 1921 నుంచి 1960ల మధ్యకు నగరం నడిబొడ్డున కొన్నిచోట్ల నేల 2 మీటర్లకు పైగా కుంగింది. 1960ల నుంచి తోడటం తగ్గించి, చలికాలంలో తిరిగి నీటిని భూమిలోకి ఎక్కించడం మొదలుపెట్టాక ఆ కుంగుబాటు నెమ్మదించింది.

నేల దిగితే నది పైకి వచ్చినట్టే కదా. ఆ కట్ట పక్కన పారే హువాంగ్‌పు నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి, తుపానులూ ఉన్నాయి. అందుకని వరద గోడ లేపుతూ పోయారు. ఈ రోజు జనం నడిచే ఎత్తైన విహార మార్గం ఆ వరద గోడ మీద ఉన్నదే. భవనాల ముందు కాలిబాట మీద నిలబడితే నది కనిపించదు, మెట్లెక్కాలి. 2010 ప్రపంచ ప్రదర్శన ముందు వాహనాల రోడ్డును చాలావరకు సొరంగంలోకి పంపి ఆ మార్గాన్ని వెడల్పు చేశారు.

మన మదనపల్లె, పీలేరు వైపు వెయ్యి అడుగుల బోర్లు వేస్తున్నాం. మనది గట్టి రాతి నేల కాబట్టి షాంఘైలా కుంగదు. బావులు ఎండిపోతాయి, అంతే తేడా. నలభై ఏళ్లు ఈ మాట చెబుతూనే ఉన్నాను. వాళ్లు తోడిన నీళ్లను తిరిగి ఎక్కించారు. మన దగ్గర ఎండిన చెరువుకు కట్ట ఉన్నా పూడిక తీసేవాళ్లు లేరు.

బైరాగిపట్టెడ · అక్టోబరు 16, రాత్రి 10:50

ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. 2014 డిసెంబరు 31 రాత్రి ఆ కట్ట మీద తొక్కిసలాటలో 36 మంది చనిపోయారు. చాలామంది యువతీయువకులు. కొత్త సంవత్సరం కోసం వచ్చినవాళ్లు. చెన్ యీ చౌకు నుంచి విహార మార్గానికి ఎక్కే మెట్ల మీద, ఎక్కేవాళ్లు దిగేవాళ్లు ఎదురెదురుగా చిక్కుకుపోయారు. కింద పడినవాళ్లు లేవలేకపోయారు.

మా ఊరి సంగతి మీ అందరికీ తెలుసు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు పోయారు. మా వీధికి దగ్గర్లోనే. ఆ రాత్రి అంబులెన్సుల మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటినుంచి మెట్లు, గేట్లు, ఇరుకు దారులు కనిపిస్తే నా కళ్లు ముందు వాటినే చూస్తాయి.

పండుగ రోజుల్లో ఇప్పుడు అక్కడ పోలీసులు, సైనికులు చెయ్యి చెయ్యి పట్టి గోడలా నిలబడి, జనాన్ని ఒక వైపు నుంచి ఎక్కించి ఇంకో వైపు నుంచి దించుతారని చదివాను. నువ్వు వెళ్లేది మామూలు బుధవారం కాబట్టి భయం లేదు తల్లీ. అయినా దీపాలు వెలిగే వేళకు మెట్ల మీద ఆగవద్దు. ఫొటో తీసుకోవాలంటే పైకెక్కి పక్కకు జరుగు.

స్వర్ణముఖి · అక్టోబరు 17, రాత్రి 9:00

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత చెబుతారని అనుకోలేదు. బైరాగిపట్టెడ అక్కా, మీ మాట తప్పకుండా గుర్తుంచుకుంటాను. పాకాల అన్నా, నది దాటడానికి పడవ ఉందా? నడక ఏ చివర నుంచి మొదలుపెట్టాలి?

పాకాల జంక్షన్ · అక్టోబరు 17, రాత్రి 9:35

ఉంది. పర్యాటకుల పడవలకు వంద యువాన్లకు పైగా తీసుకుంటారు, వాటి జోలికి వెళ్లవద్దు. ఊరివాళ్లు సైకిళ్లతో ఎక్కే రేవు పడవకు 2 యువాన్లే. దక్షిణపు చివర దగ్గర ఎవరినైనా "దుఖోవ్" ఎక్కడ అని అడుగు.

ఉత్తరపు చివర ఉన్న ఉక్కు వంతెన నుంచి మొదలుపెట్టు. దాన్ని వైబైదు అంటారు, 1907 నాటిది. 2008లో విడదీసి ఓడల కర్మాగారానికి పడవల మీద తీసుకెళ్లి, బాగుచేసి, 2009లో మళ్లీ తెచ్చి బిగించారు. అక్కడి నుంచి దక్షిణంగా సుమారు కిలోమీటరున్నర నడక. యాభైకి పైగా భవనాలు. పొద్దున వెళ్తే ఎండ తూర్పు నుంచి నేరుగా భవనాల ముఖం మీద పడుతుంది. మధ్యాహ్నం తరవాత అవి నీడలోకి వెళ్లిపోతాయి. ఫొటోలు తీసేవాళ్లు కూడా ఇది పట్టించుకోరు.

స్వర్ణముఖి · నవంబరు 27, రాత్రి 11:10

నిన్న వెళ్లివచ్చాను. కాళ్లు నొప్పులు, నిద్ర రావడం లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఎనిమిదిన్నరకు వంతెన మీద ఉన్నాను. చలిగాలి. కట్ట మీద ముసలివాళ్లు గాలిపటాలు ఎగరేస్తున్నారు, కొందరు నిదానంగా చేతులు తిప్పుతూ వ్యాయామం చేస్తున్నారు. అవతలి ఒడ్డున 632 మీటర్ల షాంఘై టవర్ పైభాగం మబ్బులో ఉంది. ఒక్కసారి అటు చూసి, నాన్న చెప్పినట్టే వెనక్కి తిరిగాను. పాకాల అన్నా, మీరు చెప్పిన ఎండ నిజంగా ఆ సమయంలోనే పడింది. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న గోడలు తేనె రంగుకు వచ్చాయి.

కుప్పం అన్నా, సుంకాల భవనం స్తంభం మీద చెయ్యి పెట్టాను. చల్లగా, గరుకుగా ఉంది. మా ఊరి గుడి ధ్వజస్తంభం పీఠం గుర్తొచ్చింది. వెనక సందులోకి వెళ్లాను. ఇటుకే. ఏసీ యంత్రాలు, ఆరేసిన తుడుపుగుడ్డలు, ఒక ముసలాయన ముక్కాలిపీట మీద కూర్చుని ఉల్లికాడలు తరుగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. గంట కొట్టినప్పుడు నేను ఆ సందులోనే ఉన్నాను. గడియారం కనిపించలేదు, మోత మాత్రం రెండు గోడల మధ్య నుంచి వచ్చింది.

12వ నంబరు ముందు కంచు సింహాలు ఉన్నాయి. ఒకటి నోరు తెరిచి గర్జిస్తోంది, ఒకటి మూసుకుని ఉంది. అసలువి మ్యూజియానికి వెళ్లాయట, ఇవి వాటి నకళ్లు. వచ్చినవాళ్లంతా పంజా తాకుతుంటే అక్కడ కంచు బంగారంలా మెరుస్తోంది. మన దగ్గర నందిని తాకినట్టే. నేనూ తాకాను.

తోతాపురి గారూ, కలకత్తా కింద నిలబడ్డాను. ఎనిమిది పలకల మండపం అది. ఒక్కో నగరానికి ఒక్కో మూర్తి, వెనక ఆ ఊరి భవనాలు. ఫొటో తీయబోతే కాపలా మనిషి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఫోను సంచిలో పెట్టి తలెత్తి చూస్తూ ఉండిపోయాను. చాలాసేపు ఉన్నానేమో, అతను నా దగ్గరికి వచ్చాడు. వెళ్లమంటాడేమో అనుకున్నాను. "ఇందు?" అని అడిగాడు, భారతదేశమా అని. అవునన్నాను. పైకి చూపించి కలకత్తా వైపు వేలు పెట్టాడు. అతనికి తెలుసు. నాకు గొంతు పట్టేసింది. మాస్టారు చెప్పిన సిపాయిలూ బీహారు రైతులూ ఆ రంగురాళ్లలో లేరు. అక్కడ ఉన్నది ఊరి పేరు, అందం. మిగిలింది నేను తీసుకెళ్లిన జ్ఞాపకమే. అది లేకుండా వెళ్లి ఉంటే బాగుంది అనుకుని బయటికి వచ్చేసేదాన్ని.

మధ్యాహ్నం గాంగ్‌దెలిన్‌లో పుట్టగొడుగులు, టోఫు, తెల్లన్నం తిన్నాను. రుచి చప్పగా ఉంది. నేను తీసుకెళ్లిన గోంగూర పచ్చడి ఆదుకుంది. రేవు పడవ ఎక్కి అవతలికి వెళ్లి వచ్చాను. నది మధ్య నుంచి చూస్తే ఆ భవనాల వరుస మొత్తం ఒక్క చూపులో పట్టింది. కట్ట మీద నుంచి అలా కనిపించదు. ఒక్కటే చేయగలిగితే అదే చేయండి, రెండు యువాన్లు.

చీకటి పడ్డాక మెట్ల మీద ఆగలేదు. పైకెక్కి పక్కకు జరిగి నాన్నకు వీడియో కాల్ చేశాను. దీపాలు వెలిగిన భవనాలు చూపించాను, టవర్లు చూపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత "నీళ్లు ఎటు ఉన్నాయి? నువ్వు నిలబడిన చోటు రోడ్డు కన్నా ఎంత ఎత్తు?" అని అడిగారు. ఫోను తిప్పి ఒకవైపు రోడ్డు, ఇంకోవైపు నది చూపించాను. అప్పటికి పోటు ఎక్కి నీళ్లు బాగా పైకి వచ్చాయి. "ఊరు నీళ్ల కన్నా పల్లంలో ఉంది. ఇది కట్టే" అన్నారు.

2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని మా ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు నాన్న మమ్మల్ని తిరుపతిలో అత్తయ్య ఇంటికి పంపి, తను ఇసుక బస్తాలు మోయడానికి కట్ట దగ్గరే ఉండిపోయారు. నాలుగు రాత్రులు. ఫోనులో ఆ గోడను అంత పరీక్షగా ఎందుకు చూస్తున్నారో నాకు అప్పుడు అర్థమైంది. ఊట ఉందా, పగుళ్లున్నాయా, రాత్రిపూట ఎవరు కాపలా ఉంటారు అని వరసగా అడిగారు. నేను చెప్పగలిగినవి చెప్పాను.

కుప్పం రాయి · నవంబరు 28, ఉదయం 6:15

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. వెనక సందు చూసి వచ్చినవాళ్లను ఇంతవరకు నేను ఒక్కరినీ కలవలేదు.

కపిలతీర్థం · నవంబరు 28, ఉదయం 7:20

ఊట గురించి అడిగారంటే ఆయన కట్ట తెలిసినవారు. పాత కట్ట మొదట నోరు తెరిచేది అక్కడే. ఆ మట్టి కట్టకు ఐదు వందల ఏళ్లు. ఇన్ని వానలు తట్టుకుందంటే ప్రతి తరంలోనూ రాత్రి లాంతరు పట్టుకుని ఊట చూసినవాళ్లు ఉన్నారు కాబట్టే. వాళ్లలో మీ నాన్నగారొకరు.

తోతాపురి · నవంబరు 28, ఉదయం 9:05

ఆ కాపలా మనిషి వేలు చూపించిన సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. సుజౌ తోటలు చూశావా అమ్మా?

స్వర్ణముఖి · నవంబరు 28, రాత్రి 8:40

రెండు చూశానండీ. ఇంకొకటి వచ్చే ఆదివారం. తోటల గురించి విడిగా రాస్తాను, అవి ఇక్కడ ఇమడవు.

మాస్టారూ, డిసెంబరు రెండో వారంలో ఊరికి వచ్చేస్తాను. నాన్నకు చెన్నపట్నం, చంద్రగిరి సంగతి చెబితే ఇన్నేళ్లుగా ఆ కోట పక్క నుంచే బస్సులో వెళ్తున్నా దిగి చూడలేదన్నారు. ఒక ఆదివారం ఇద్దరం వస్తాం. మీకు వీలైతే రాజమహల్ దగ్గరికి రాగలరా?

చంద్రగిరి కోట · నవంబరు 28, రాత్రి 9:15

ఉదయం తొమ్మిదింటికి రండి. రాజమహల్ మీద అప్పుడే ఎండ బాగుంటుంది. నేను గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంటాను.